ఉప్పు చూడని వంట: ఆపరేషన్ వాయిదా వేసుకున్న ఒక మెస్ యజమానురాలి కేసు

రమణమ్మగారు డైటీషియన్‌నైన నా దగ్గరికి బరువు తగ్గడానికి రాలేదు. ఊబకాయానికి జీర్ణాశయం కోసి చిన్నది చేసే ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు ఏం తినాలో రాయించుకురమ్మని సర్జన్ పంపితే వచ్చారు. 2024 జనవరి, సంక్రాంతి వెళ్ళిన మరుసటి వారం. ఫైల్లో ఆపరేషన్ తేదీ కూడా వేసేసి ఉంది, ఫిబ్రవరి 9 అని. ఆ రోజు ఆవిడ బల్ల ఎక్కలేదు. ఇప్పటికీ ఎక్కలేదు. ఇది చదివి ఎవరైనా తమ ఆపరేషన్ తేదీ రద్దు చేసుకుంటే మాత్రం ఆ పాపం నాకొద్దు. ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

పేరు మార్చాను, ఒకటి రెండు ఆనవాళ్ళు కూడా మార్చాను. రాస్తానంటే ఒప్పుకున్నారు. "నా గ్లాసు ఫొటో మాత్రం వెయ్యబాకండి మేడమ్" అన్నారు. ఆ గ్లాసు సంగతి తర్వాత.

వయసు 46. సొంతూరు నాయుడుపేట పక్క పల్లె. పంతొమ్మిదేళ్ళ కిందట మద్రాసు వచ్చి, భార్యాభర్తలిద్దరూ చూళైమేడులో ఆంధ్రా మెస్ పెట్టుకున్నారు. పొద్దున టిఫిను, మధ్యాహ్నం సాపాటు, రాత్రికి మళ్ళీ టిఫిను, మధ్యలో హాస్టళ్ళకి క్యారియర్లు. వంట ఆవిడది, గల్లా ఆయనది. కోయంబేడు మార్కెట్టు నుంచి కూరగాయలు తెల్లవారుజామున నాలుగుకల్లా దిగాలి. రాత్రి పొయ్యి కట్టేసరికి పదకొండు.

ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 104.2 కిలోలు, ఎత్తుకి బరువు ఎంత ఎక్కువో చెప్పే బీఎమ్ఐ 43.9. నడుము చుట్టుకొలత 118 సెంటీమీటర్లు. షుగరు బయటపడి మూడేళ్ళు. మెట్‌ఫార్మిన్, గ్లైమిపిరైడ్ కలిసిన మాత్ర వేసుకుంటున్నా హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగరు లెక్క, 8.6 ఉంది. బీపీకి టెల్మిసార్టాన్. లివర్‌కి కొవ్వు పట్టింది. మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు. నిద్ర పరీక్షలో గంటకి 38 సార్లు ఊపిరి ఆగడమో సన్నబడడమో జరుగుతోందని తేలింది. దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు, 30 దాటితేనే తీవ్రం అంటాం.

మనవాళ్ళకి బీఎమ్ఐ 25 దాటితే ఊబకాయం కిందే లెక్క. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు 35 దాటితే ఇంకే జబ్బూ లేకపోయినా ఆపరేషన్ చెయ్యొచ్చన్నాయి, ఆసియా వాళ్ళకైతే 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. ఆరోగ్య బీమా మాత్రం అంత ఉదారంగా ఉండదు. 40 దాటాలి, లేదా 35 దాటి అదుపులో లేని షుగరో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో, గుండె జబ్బో తోడుండాలి. అదీ తేలిక మార్గాలన్నీ ప్రయత్నించి విఫలమయ్యాకే. రమణమ్మగారు ఏ లెక్కన చూసినా అర్హులే. సర్జన్ చెప్పిన సలహాలో తప్పేమీ లేదు. నన్నడిగినా అదే చెప్పేదాన్ని.

ఆ "తేలిక మార్గాలు" ఏమిటంటారా? ఆవిడ వేళ్ళు మడిచి చెప్పారు. ఆరు నెలలు పరగడుపున ఉలవల కషాయం. మద్రాసులో ఎవరిని కదిపినా ముందు చెప్పేది ఇదే, "ఇళైత్తవనుక్కు ఎళ్ళు, కొళుత్తవనుక్కు కొళ్ళు" అని, బక్కవాడికి నువ్వులు, బలిసినవాడికి ఉలవలు. తర్వాత జీలకర్ర నీళ్ళు. రాత్రి అన్నం మానేసి మూడు చపాతీలు. ఆ పైన తెలిసినావిడ అంటగట్టిన పౌడర్ డబ్బాలు నాలుగు, మూడు నెలలు తాగితే ఐదు కిలోలు తగ్గి ఏడు కిలోలు పెరిగారు. డైటీషియన్ దగ్గర కూర్చున్నది అదే మొదటిసారి. బీమా కాగితంలో మాత్రం "ఆహార నియమాలు ఫలించలేదు" అని ఒక్క ముక్కలో ఉంది.

దీక్ష

ఆపరేషన్‌కి ముందు ఆహారం ఎందుకు మారుస్తామో చెప్తాను. లివర్ ఎడమ భాగం పొట్ట మీద మూతలా కూర్చుని ఉంటుంది. కొవ్వు పట్టిన లివర్ పెద్దగా, బరువుగా ఉంటుంది. కెమెరా పెట్టి చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్‌లో దాన్ని పైకెత్తి పట్టుకోవడం కష్టం. రెండు వారాలు పిండి పదార్థాలు, మొత్తం కేలరీలు బాగా తగ్గిస్తే లివర్‌లో నిల్వ ఉన్న చక్కెర (గ్లైకోజెన్), కొంత కొవ్వు కరిగి అది కుదించుకుంటుంది. సర్జన్ చేతికి చోటు దొరుకుతుంది. అంతవరకే దాని పని. రోజుకి 900 కేలరీలకి లెక్క కట్టి ఇచ్చాను. గుడ్డు తెల్లసొనలు, పల్చటి మజ్జిగ, ఉడికించిన కూరలు, ప్రొటీన్ పొడి, రసం నీళ్ళు.

కాగితం చూసి బెంబేలెత్తుతారనుకున్నాను. ఆవిడ మొగుడి వైపు తిరిగి, "నువ్వు నలభైయొక్క రోజులు మాలేసుకుని ఉంటివే, నేను పద్నాలుగు రోజులు ఉండలేనా" అన్నారు. ఆయన అప్పుడే శబరిమల వెళ్ళొచ్చారు. ఆ పద్నాలుగు రోజులూ ఆవిడ నిజంగా దీక్షలానే ఉన్నారు. చాప మీద పడుకోలేదంతే. వంటలో ఉప్పు కూడా నాలిక మీద వేసుకోలేదట, మెస్‌లో రుచి చూడడం మొత్తం ఆయన మీద పెట్టారట. ఈ మాట ఆవిడ యథాలాపంగా అన్నారు, నేనూ యథాలాపంగానే విన్నాను. అప్పుడే చెవి రిక్కించి ఉంటే నాకు నెల రోజులు కలిసొచ్చేది.

నాలుగో రోజు పదకొండింటికి ఫోను. చేతులు వణుకుతున్నాయి, చెమటలు, కళ్ళు తిరుగుతున్నాయి. షుగరు చూడమంటే 62. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకి మళ్ళీ చూడమన్నాను, 94కి వచ్చింది. తప్పు ఎక్కడ జరిగిందో సాయంత్రానికి తేలింది. తిండి ఇంత తగ్గించేటప్పుడు గ్లైమిపిరైడ్ ఆపాలి, లేకపోతే షుగరు పడిపోతుంది. డయబెటాలజిస్టు ఆపేసి ఉత్త మెట్‌ఫార్మిన్ రాసిచ్చారు. కానీ ఇంట్లో మాత్రల డబ్బా నింపేది భర్త. డబ్బాలో పాత స్ట్రిప్పులు ఇంకా నాలుగున్నాయి, పారేయడమెందుకని అవే ఇచ్చారు. ఆయన్ని ఏమనను? నేను మందు మార్పు సంగతి ఫైల్లో చూసి టిక్కు పెట్టుకున్నానే గానీ, "మాత్రలు ఎవరు తీసిస్తారు? పాతవి ఏవి?" అని అడగలేదు. ఆ తర్వాత నుంచి తక్కువ కేలరీల ఆహారం మొదలుపెట్టే ఏ షుగరు పేషెంటునైనా ఇంట్లో మాత్రల డబ్బా తెచ్చి నా బల్ల మీద కుమ్మరించమంటున్నాను.

కోసేదెందుకు?

ఫిబ్రవరి 5న తూకం 99.8. పద్నాలుగు రోజుల్లో 4.4 కిలోలు. అందులో నీళ్ళ వాటా ఎక్కువని చెప్పాను. ఒళ్ళు దాచుకున్న గ్లైకోజెన్ ఒక్కో గ్రాము దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, అది ఖర్చయితే నీరూ పోతుంది. ఆవిడ నా పాఠం వినలేదు. కుర్చీ ముందుకి లాక్కుని, "ఆపరేషన్ అయినాక కూడా ఇట్టాగే కొంచెం కొంచెం తినాలంట గదా. మరి కోసేదెందుకు మేడమ్?" అన్నారు.

ఈ ప్రశ్న వారానికొకరు అడుగుతారు. చాలామంది డైటీషియన్లు దీనికి లోపల్లోపల సంతోషిస్తారు, నేనూ అందుకు అతీతురాలిని కాను. కానీ జవాబు నిజాయితీగా చెప్పాలి. స్లీవ్ ఆపరేషన్‌లో పొట్టలో నూటికి 75, 80 వంతులు కోసి తీసేస్తారు. దాంతో పట్టే తిండి తగ్గడం ఒక సంగతి. అంతకంటే పెద్దది, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే పై భాగం కూడా పోతుంది. "ఇప్పుడు మీరు ఆకలిని అదిమిపెట్టుకుని తింటున్నారు. అప్పుడు ఆకలే నోరు మూసుకుంటుంది. ఏళ్ళ తరబడి అదిమిపెట్టడం మనుషులకి చాలా కష్టం" అన్నాను. బరువు కూడా మొదటి ఏడాది రెండేళ్ళలో నాలుగో వంతు, కొంతమందికి ఇంకా ఎక్కువే తగ్గుతుంది. ఆహారం ఒక్కదాంతో అంత అరుదు. మరోపక్క, తీసిన పొట్ట తిరిగి రాదు. బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ జీవితాంతం చూసుకోవాలి, గుండెలో మంట కొందరికి కొత్తగా మొదలవుతుంది.

అంతా విని అసలు సంగతి అప్పుడు బయటపెట్టారు. వాళ్ళ వీధిలోనే ఒకావిడ ఇంకోచోట ఈ ఆపరేషన్ చేయించుకున్నారట. అప్పటి నుంచి కాఫీ వాసనంటేనే పడదట, పులుసు నోట్లో పెడితే ఇనుము నాకినట్టు ఉంటోందట. "నా నాలిక పోతే మెస్ మూసుకోవాల్సిందే. నాకు తెలిసిందల్లా ఈ నాలికే."

అలాంటిదేమీ జరగదని నేను అనలేకపోయాను. ఆపరేషన్ తర్వాత రుచి, వాసన మారాయని చెప్పేవాళ్ళు తక్కువేమీ లేరు. చాలామందికి నెలలు గడిచేకొద్దీ సర్దుకుంటుంది, కానీ ఫలానావారికి సర్దుకుంటుందని ముందే మాటివ్వడం ఎవరి వల్లా కాదు. ఐటీ ఉద్యోగికి అది చిన్న ఇబ్బంది. వంటామెకి కూడు.

సర్జన్, డయబెటాలజిస్టు, నేను ముగ్గురం ఆవిడతోనూ ఆయనతోనూ కూర్చున్నాం. ఆరు నెలల గడువు పెట్టుకున్నాం. ఆరో నెల చివరికి నూటికి పది వంతుల బరువు తగ్గాలి, హెచ్‌బీఏ1సీ 7 లోపుకి రావాలి. రెండింటిలో ఏది తప్పినా ఆపరేషన్. మధ్యలో ఆప్నియా ముదిరినా ఆపరేషనే. సర్జన్ ఫైలు మీద "రద్దు" అని రాయలేదు, "వాయిదా" అని రాశారు. నాకది నచ్చింది.

నేను ఒప్పుకోవడానికి ఒక కారణం ఆవిడ షుగరు వయసు. బ్రిటన్‌లో జరిగిన "డైరెక్ట్" అనే అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. షుగరు వచ్చి ఆరేళ్ళు దాటని, ఇన్సులిన్ వాడని వాళ్ళకి మూడు నుంచి ఐదు నెలలు రోజుకి సుమారు 850 కేలరీలు ఇచ్చి, తర్వాత మెల్లగా మామూలు తిండికి తెచ్చారు. ఏడాది చివరికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగరు మామూలు స్థాయికి వచ్చింది. 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్ళలో అయితే 86 శాతం. రెండో ఏడాదికి ఆ 46 కాస్తా 36 అయింది, అదీ చెప్పాను. రమణమ్మగారికి మూడేళ్ళే, ఇన్సులిన్ లేదు.

గ్లాసు

మూడో వారం నుంచి మామూలు తిండికి తెచ్చాను. రోజుకి 1,350 కేలరీలు, ప్రొటీన్ 70 గ్రాములు. దానికి ముందు అసలు ఇన్నాళ్ళూ ఏం తింటూ వచ్చారో రాసుకోవాలి కదా. పొద్దున పదిన్నరకి మూడు ఇడ్లీలు. మధ్యాహ్నం నాలుగుకి కప్పున్నర అన్నం, పప్పు, కూర, పెరుగు. రాత్రి రెండు చపాతీలు, మిగిలిన కూర. కాఫీ "అప్పుడప్పుడు". కూడితే 1,350 చుట్టూ వచ్చింది. అంటే నేను కొత్తగా ఇవ్వబోతున్న లెక్కే! ఆ ఎత్తు, బరువు, వయసు, రోజంతా పొయ్యి దగ్గర నిలబడే పని చూస్తే, 104 కిలోల దగ్గర నిలబడాలంటే దాదాపు 2,250 లోపలికి వెళ్తూ ఉండాలి. తొమ్మిది వందలు ఎక్కడ?

ఇలాంటప్పుడు మా వృత్తిలో మనసులో మెదిలే మాట "అబద్ధం చెప్తోంది". నేనూ అదే అనుకున్నాను, సిగ్గుగానే ఒప్పుకుంటున్నాను. కానీ పద్నాలుగు రోజులు ముక్కుసూటిగా ఉన్న మనిషి కంచంలో ఇడ్లీ దాచి చెప్తుందా? అప్పుడు గుర్తొచ్చింది, దీక్షలో ఉప్పు కూడా చూడలేదన్న మాట.

"రేపు ఒక పని చెయ్యండి. వంటలో మీరు ఏది నాలిక మీద వేసుకున్నా, సరిగ్గా అంతే ఇంకోసారి తీసి ఒక గ్లాసులో వెయ్యండి. ఉప్పు చూసినా, వడ అంచు విరిచినా, గరిటె నాకినా. మీరేం మానొద్దు. గ్లాసుకి కూడా పెట్టండంతే" అన్నాను.

రెండోరోజు మధ్యాహ్నం రెండింటికే ఫొటో వచ్చింది. మెస్‌లో నీళ్ళు పోసే పెద్ద స్టీలు గ్లాసు, అంచుదాకా. అడుగున పప్పు, దాని మీద పులుసు, ఎర్రగా తేరిన నూనె, వంకాయ వేపుడు ముక్కలు, చికెన్ గ్రేవీ, గోంగూర, పగిలిన అప్పడం, పొద్దున్న వడల కరకరలాడే చెవులు. సాయంత్రానికి రెండో గ్లాసు మొదలైంది. రాత్రి తూస్తే మొత్తం 410 గ్రాములు. ఆ రోజు తొమ్మిది వంటకాలు, ఒక్కోటి రెండు మూడుసార్లు చూశారు. ఉప్పుకోసారి, పులుపుకోసారి, దించేముందు ఇంకోసారి. నూనె పాలు చూసి వేసిన అంచనా 480 కేలరీలు. ఇక "అప్పుడప్పుడు" కాఫీ ఆరు గ్లాసులు, ఒక్కోదానిలో రెండు చెంచాల పంచదార, చిక్కటి పాలు. అదో 480. మొత్తం లెక్క దాదాపు కుదిరిపోయింది.

ఆవిడ ఆ గ్లాసు వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నారట. మర్నాడు ఫోన్‌లో, "ఇదంతా నేను తిన్న తిండే అని నాకు తెలవదు మేడమ్. ఇది పని గదా" అన్నారు. ఈ కేసులో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట అదే. ఆవిడ తిండి కంచంలో లేదు, పనిలో ఉంది. కంచం ఎంత తగ్గించినా దొరకనిది అందుకే.

పరిష్కారం ఆ పూటకి తేలిగ్గానే దొరికింది. గూడూరు నుంచి వచ్చిన మేనల్లుడు సహాయకుడిగా ఉన్నాడు, పాతికేళ్ళ బక్క కుర్రాడు. రుచి చూసే పని వాడికిచ్చారు.

మిగతావి చిన్న చిన్న మార్పులు. తన వాటా కూరని తాలింపు వేయకముందే తీసి పక్కన పెట్టుకోవడం, మెస్ కూరలో నూనె తగ్గిస్తే గిరాకీ పోతుంది కాబట్టి. పదిన్నర ఇడ్లీ బదులు ఎనిమిదిన్నరకి రెండు గుడ్లు, ఒక పెసరట్టు. మధ్యాహ్నం ముందు కూర, చేపో చికెనో వంద గ్రాములు, ఆ తర్వాతే అన్నం, 50 గ్రాముల బియ్యం ఉడికితే వచ్చినంత. ఈ వరుసలో తింటే తిన్న తర్వాత షుగరు ఎగబాకడం తగ్గుతుంది. సాయంత్రం సుండలు (గుగ్గిళ్ళు), మజ్జిగ. శనివారం వెంకటేశ్వరస్వామి వారం, నీచు ముట్టరు కాబట్టి ఆ రోజు మీల్‌మేకర్, పనీరు. రాత్రి తిండి పదకొండు నుంచి ఎనిమిదికి జరిగింది. మిగిలిన కూరలు పారేయలేక తినే అలవాటుకి మందు ఆయన కనిపెట్టారు, పదిన్నరకల్లా ఆటో స్టాండుకి పంపేయడం.

ఒక్క చోట బేరం తెగలేదు. "పెరుగన్నం లేకపోతే అన్నం తిన్నట్టే ఉండదు." సరే, ఆ 50 గ్రాముల లోంచే మూడు ముద్దలు పెరుగుకి దాచుకోమన్నాను. మద్రాసులోనే ఉన్న మధుమేహ పరిశోధకుల నాయకత్వంలో దేశమంతా జరిగిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే ప్రకారం మనవాళ్ళ కేలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి. తగ్గించాల్సిందే, నిజమే. కానీ చివరి ముద్ద తీసేస్తే మొత్తం కాగితమే చింపేస్తారని నా అనుభవం.

కాఫీ మాత్రం నేను తగ్గించలేదు, ఊపిరి మిషను తగ్గించింది. ఆప్నియాకి సీపాప్ రాశారు, నిద్రలో మాస్కు లోంచి గాలి పంపే మిషను. "ఏనుగు తొండం" అని ఆయన వెక్కిరించినా వారంలో అలవాటైంది. నిద్ర నాలుగున్నర గంటలే అయినా అది నిద్రలా పట్టింది. అంతకుముందు పగలంతా తూగు వచ్చి, దాన్ని తరమడానికే కాఫీ. తూగు పోయాక ఆరు గ్లాసులు రెండుకి వచ్చాయి, వాటిలో పంచదార అర చెంచా. ఈ మిషను మూడేళ్ళ ముందు పెట్టి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేదేమో అని నా అనుమానం.

ఏప్రిల్లో 95 కిలోలు, హెచ్‌బీఏ1సీ 7.1. జూలైలో 91.4 కిలోలు, 6.7. పన్నెండు శాతం తగ్గారు, గడువు గెలిచారు. సర్జన్ ఫైలు మీద "వాయిదా" పక్కన ఇంకో ఆరు నెలలు వేశారు.

రెండో గ్లాసు

ఆ తర్వాత ముల్లు ఆగిపోయింది. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు. 91, 91.3, 90.9, మళ్ళీ 91.2. బరువు తగ్గాక ఒంటికి ఖర్చూ తగ్గుతుంది. నా లెక్కలో ఆవిడకి రోజుకి 200 దాకా తక్కువ అవసరం పడుతోంది, పైగా ఆకలి పెరుగుతుంది. ఇది మామూలేనని చెప్పి, నడక పెంచమని, అన్నం ఇంకో పది గ్రాములు తగ్గించమని చెప్పాను. పుస్తకంలో ఉన్న సలహా. ఫలితం సున్నా. మోకాళ్ళ నొప్పి ఒకటే పెరిగింది. మధ్యలో జుట్టు కూడా గుప్పెడు గుప్పెడు ఊడిందని భయపడ్డారు. వేగంగా తగ్గినవాళ్ళకి మూడో నాలుగో నెలలో ఊడడం ఉన్నదే, కానీ పరీక్ష చేయిస్తే ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ బాగా తక్కువ. మెట్‌ఫార్మిన్ వల్ల బి12 కూడా అంచున ఉంది. రెండూ ఇచ్చాం.

అక్టోబరు చివర్లో ఏమీ తోచక, "మళ్ళీ ఒకసారి గ్లాసు పెడదామా?" అన్నాను. ఆవిడ ముఖం చూస్తేనే తెలిసింది. మేనల్లుడు జూలైలోనే శ్రీసిటీలో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. కొత్తగా పెట్టుకున్న కుర్రాడు ఒరిస్సా వాడు, పులుసు పులుపు వాడికి అంతుపట్టదు. ఆయనకి బీపీ, ఉప్పు ఎంతున్నా చాలదంటాడు. మళ్ళీ నాలిక తనదే అయింది. గ్లాసు ఈసారి ముప్పావు.

ఇక్కడ నా దగ్గర ఉపాయం లేదు. చూసి ఉమ్మేయమందామా అని కూడా ఆలోచించాను, ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది, పొయ్యి దగ్గర ఎవరైనా ఉమ్ముతారా! ఆవిడే కాసేపు ఊరుకుని, "దేవుడికి చేసేటప్పుడు ఉప్పు చూస్తామా మేడమ్?" అన్నారు.

చూడం. నైవేద్యం ఎంగిలి చెయ్యం. మా అమ్మమ్మ చక్రపొంగలి, పులిహోర, దద్ధ్యోజనం చేసి, నైవేద్యం అయ్యేదాకా నాలిక మీద మెతుకు వేసుకునేది కాదు. అయినా ఉప్పు తప్పేది కాదు. చేతి కొలత, వాసన, ఉడుకు చప్పుడు, పులుసు గరిటె మీంచి జారే తీరు. రమణమ్మగారి వాళ్ళమ్మా అంతేనట. "పండగ పూట చెయ్యగలిగినదాన్ని రోజూ ఎందుకు చెయ్యలేనూ?"

నవంబరు అంతా దానికే పట్టింది. ఒక గరిటె కొలతగా పెట్టుకున్నారు. రోజూ చేసే వంటలకి ఎంత బియ్యానికి, ఎంత పప్పుకి, ఎన్ని గరిటెల ఉప్పు, ఎన్ని నిమ్మకాయలంత చింతపండు అన్నది వంటింటి గోడకి తగిలించిన పలక మీద సుద్దతో రాయించారు, పెద్దమ్మాయి చేతిరాత. మొదటి వారం రసం ఉప్పగా ఉందని గిరాకీ గొణిగారు, ఒక హాస్టలు క్యారియర్లు వెనక్కొచ్చాయి. పలక మీద మూడు కొట్టేసి రెండున్నర చేశారు. చికెన్‌కి మాత్రం ఇప్పటికీ ఒక్కసారి చూస్తారు, అరచేతి మీద ఒక్క బొట్టు. అది ఒప్పందంలో ఉంది.

2025 జనవరికి 86.4 కిలోలు, హెచ్‌బీఏ1సీ 6.3. ఏప్రిల్లో 84.6, ఇప్పటిదాకా అదే అన్నిటికంటే తక్కువ. నడుము 118 నుంచి 101కి వచ్చింది. నిద్ర పరీక్ష మళ్ళీ చేస్తే 38 కాస్తా 17. మిషను తీసెయ్యొచ్చా అని అడిగారు. 15 దాటితే ఇంకా ఓ మోస్తరు ఆప్నియానే, తీయొద్దన్నారు డాక్టరుగారు. బీపీ మాత్ర మోతాదు సగమైంది. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఒక్కటే మిగిలింది. దాన్ని కూడా ఆపి మూడు నెలలు 6.5 లోపు ఉంటేనే షుగరు వెనక్కి తగ్గిందని అంటాం కాబట్టి, ఆ మాట మేం ఇంకా వాడడం లేదు.

ఎండాకాలం పెళ్ళిళ్ళ ఆర్డర్లు వచ్చాయి, రాత్రి తిండి మళ్ళీ పదకొండుకి జారింది. సెప్టెంబరు తూకం 86.8. మొత్తం మీద 17.4 కిలోలు, దాదాపు 17 శాతం తగ్గుదల. బీఎమ్ఐ 36.6. పుస్తకం ప్రకారం ఇప్పటికీ ఆపరేషన్‌కి అర్హత ఉన్న బరువే అది. ఫిబ్రవరి 9న బల్ల ఎక్కి ఉంటే ఇంకో పది కిలోలు తక్కువ ఉండేవారేమో, మిషను అవసరం తీరేదేమో. ఆ మాట ఆవిడకి సర్జన్ చెప్పారు, నేనూ చెప్పాను. ఫైలు మీద ఇప్పటికీ "వాయిదా" అనే ఉంది.

ఇంకో తలుపు కూడా తెరుచుకుంది. 2025 మార్చిలో టిర్జెపటైడ్ వారం సూది మన దేశంలో అమ్మకానికొచ్చింది. డయబెటాలజిస్టు ఆ ప్రస్తావన తెచ్చారు. ఆకలి తగ్గిస్తుంది, షుగరూ తగ్గిస్తుంది, ఆపేస్తే బరువు తిరిగి రావచ్చు. రమణమ్మగారు రెండే ప్రశ్నలు అడిగారు. నెలకి ఎంతవుతుంది, నాలిక ఏమన్నా మారుతుందా. మొదటిది విని ఆలోచిస్తానన్నారు. వాంతులు, వికారం కొందరికి ఉంటాయని రెండోదానికి జవాబుగా చెప్పేసరికి, సంక్రాంతి దాకా ఆగుదామన్నారు.

కిందటి వారం ఫోన్ చేశారు. తూకం గురించి చెప్తారనుకున్నాను. కార్తీక వనభోజనాలకి నూటయాభై మందికి పులిహోర ఆర్డరు వచ్చిందట. పలక మీద ఇరవై మందికే కొలత ఉంది, మిగతాది గుణించి చెప్పమన్నారు. కాలిక్యులేటర్ తీసి చెప్పాను. పది నిమిషాలకి మళ్ళీ ఫోను. "పులిహోరకి అట్టా గుణిస్తే కుదరదులే మేడమ్, ఉప్పు కషాయమైపోద్ది. నూటపాతిక మందికనుకుని వేస్తా" అని పెట్టేశారు.